లాగ్‌లకు ఎంత లైను కావాలన్నా?

తిరుపతిలో పేపరు చదివే అలవాటున్నవాళ్ళకు రెండు వాక్యాలు కంఠతా వచ్చి ఉంటాయి. నిన్న శ్రీవారిని ఇంతమంది దర్శించుకున్నారు. టోకెన్ లేనివారి సర్వదర్శనానికి ఇన్ని గంటలు పడుతోంది. జిల్లా పేజీలో ఒక మూల కనిపించే ఆ చిన్న పెట్టెలో నెట్‌వర్క్ పాఠం సగం ఉంది. మొదటి వాక్యం బ్యాండ్‌విడ్త్, అంటే ఇంత సమయంలో ఎంత సరుకు పోతుందన్నది. రెండోది లేటెన్సీ, అంటే ఒక్కొక్కటి చేరడానికి ఎంతసేపు పడుతుందన్నది. రోజుకు 70 వేల మందికి దర్శనం అవుతున్నా మన వంతు రావడానికి 12 గంటలు పట్టొచ్చు. మొదటి అంకె ఒక్కటే చూసి చంటిపిల్లలతో క్యూలోకి వెళ్ళినవాళ్ళకు రెండో అంకె సంగతి కంపార్ట్‌మెంటులో కూర్చున్నాక తెలుస్తుంది.

ఈ పోలిక ఊరికే తట్టలేదు. ఆ మధ్య ఒక సంస్థ ఐటీ మేనేజరు ఫోన్ చేశాడు. వాళ్ళకు తిరుపతిలో ప్రధాన ఆఫీసు, చిత్తూరులో శాఖ. "అన్నా, సెక్యూరిటీ లాగ్‌లన్నీ హైదరాబాదు డేటా సెంటరుకు పంపాల. ఎన్ని ఎంబీపీఎస్ లైను తీసుకుంటే సరిపోతాది?" అని అడిగాడు. ఒక అంకె చెప్పేస్తే కొటేషన్‌లో రాసుకుని పంపేద్దామని ఆయన తొందర. నేను తిరిగి నాలుగు ప్రశ్నలు వేసేసరికి విసుక్కున్నాడు. ఆ రోజు ఆయనకు చెప్పిందీ, ఫోన్‌లో చెప్పలేకపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు సరుకేమిటో చూడాలి. నెట్‌వర్క్ వాకిట్లో కాపలా కాసే ఫైర్‌వాల్, సర్వర్, వైఫై కంట్రోలర్, ఉద్యోగుల కంప్యూటర్లు, ఇవన్నీ తమ దగ్గర జరిగే ప్రతిదానికీ ఒక పంక్తి రాసుకుంటాయి. ఆ పంక్తులే లాగ్‌లు. ఎవరొచ్చారు, ఏ వాకిలి తట్టారు, తలుపు తీశామా లేదా అని. విండోస్ అయితే తప్పు పాస్‌వర్డ్ కొట్టినప్పుడు 4625 అనే నంబరుతో, సరిగ్గా కొట్టి లోపలికొచ్చినప్పుడు 4624 నంబరుతో రాస్తుంది. విడివిడిగా వీటికి పెద్ద అర్థం లేదు. పాస్‌వర్డ్ మర్చిపోనివాడు ఎవడు? కానీ రాత్రి రెండు గంటలప్పుడు, ఒకే చిరునామా నుంచి, నిమిషంలో ఇరవై తప్పులూ వెంటనే ఒక ఒప్పూ పడితే అది మర్చిపోవడం కాదు. ఇలా వేర్వేరు చోట్ల పుట్టిన పంక్తులను ఒకచోట చేర్చి, కాలక్రమంలో పేర్చి, అనుమానం వస్తే గంట కొట్టే వ్యవస్థను ఈ రంగంలో సీమ్ అంటారు. మన సీమతో దానికి చుట్టరికమేమీ లేదు. ఇంగ్లీషు పొడి అక్షరాలను కలిపి పలికితే అలా వచ్చింది, అంతే.

ఇప్పుడు లెక్క. ఆ సంస్థలో 400 కంప్యూటర్లు, రెండు ఫైర్‌వాల్‌లు, పది పన్నెండు సర్వర్లు. అన్నీ కలిపి సెకనుకు సగటున 1,500 పంక్తులు పుడుతున్నాయి. ఒక్కో పంక్తి సగటున 600 బైట్లు. గుణిస్తే సెకనుకు 9 లక్షల బైట్లు. లైను అమ్మేవాళ్ళు లెక్కేసేది బైట్లలో కాదు, బిట్లలో. బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి ఎనిమిదితో గుణించాలి. 7.2 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 7.2 మెగాబిట్లు వస్తుంది. ఈ ఎనిమిది దగ్గర పొరబడినవాళ్ళను చాలామందిని చూశాను. 1 ఎంబీ కూడా లేదు కదా అని 2 ఎంబీపీఎస్ లైను పెట్టించి, రెండో రోజే ఫోన్ చేస్తారు. పంక్తి మీద చుట్టే ప్యాకెట్ తొడుగులు, దారిలో ఎవరూ చదవకుండా వేసే రహస్య లిపి (ఎన్‌క్రిప్షన్) ఖర్చు కలుపుకుంటే 8 దాటుతుంది. లెక్క తేలిగ్గా ఉండడానికి మనం 7.2 దగ్గరే ఆగుదాం.

రోజుకు ఇది 78 జీబీ. 2022 ఏప్రిల్ 28న సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు దాచాలి. అంటే 14 టీబీ. ఇది లైను ప్రశ్న కాదు, డిస్కు ప్రశ్న. అయినా లైను కొనే రోజే డిస్కు సంగతి కూడా ఆలోచించని సంస్థ ఆర్నెల్లలో ఇరుక్కుంటుంది కాబట్టి చెప్పి వదిలేస్తున్నాను.

సగటు 7.2 కనుక 10 చాలు, నిబ్బరంగా ఉండాలంటే 20 చాలు, అని ఆయన అన్నాడు. లాగ్‌లకే విడిగా 20 ఎంబీపీఎస్ తీసుకుందామని తేల్చుకున్నాడు కూడా. మామూలు రోజుకు అది బ్రహ్మాండంగా సరిపోతుంది. గరుడసేవ రోజు సంగతేమిటి?

సెక్యూరిటీ లాగ్‌లకు ఉన్న పెద్ద పితలాటకం ఇదే. ఎవడో బయటి నుంచి మన ఫైర్‌వాల్ తలుపులన్నీ వరసగా తడుతున్నప్పుడు ప్రతి తట్టుకూ ఒక పంక్తి పడుతుంది. లోపల ఒక వైరస్ కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకుతున్నప్పుడూ అంతే. మామూలు వ్యాపార ట్రాఫిక్‌కు రద్దీ వేళలు ముందే తెలుస్తాయి. లాగ్‌ల రద్దీ దాడితో పాటే వస్తుంది. అంటే ఆ పంక్తులు మనకు ఎప్పుడు అత్యవసరమో సరిగ్గా అప్పుడే దారి కిక్కిరిసిపోతుంది.

అలాంటి గంటలో పంక్తులు ఐదు రెట్లు పెరిగాయనుకుందాం. 36 ఎంబీపీఎస్ పుడుతోంది, 20 మాత్రమే పోతోంది. సెకనుకు 16 మెగాబిట్లు వెనక నిలిచిపోతున్నాయి. గంట గడిచేసరికి 7.2 జీబీ పోగుపడుతుంది. దాడి ఆగిన చివరి క్షణంలో పుట్టిన పంక్తి, తన ముందున్న కుప్ప మొత్తం కదిలాక గానీ కదలదు. 7.2 జీబీ 20 ఎంబీపీఎస్‌లో పోవడానికి 48 నిమిషాలు. ఆ తర్వాత కూడా కొత్త పంక్తులు మామూలు వేగంతో వస్తూనే ఉంటాయి కాబట్టి, వరస పూర్తిగా ఖాళీ అవడానికి గంటంపావు. ఇదంతా జరుగుతున్నప్పుడు పింగ్ కొట్టి చూస్తే, అంటే ఒక చిన్న సందేశం పంపి జవాబుకు ఎంతసేపు పట్టిందో చూస్తే, లాగ్‌ల కుప్ప పంపే చోటే ఆగి ఉంటుంది కనుక, లైను జవాబిస్తూనే ఉంటుంది. లైనులో తప్పేమీ లేదని సర్టిఫికెట్టు ఇచ్చేస్తారు. 48 నిమిషాల ఆలస్యం మాత్రం ఎక్కడా కనిపించదు.

1961లో జాన్ లిటిల్ నిరూపించిన ఒక సూత్రం క్యూల శాస్త్రానికి పునాది. వరసలో ఉన్నవాళ్ళ సంఖ్య, వచ్చే వేగాన్ని వేచి ఉండే సమయంతో గుణిస్తే వస్తుంది. రోజుకు 70 వేల మంది, 12 గంటల నిరీక్షణ అయితే ఏ క్షణాన చూసినా 35 వేల మంది లోపలున్నారని అర్థం. కొండ మీద వాళ్ళను కూర్చోబెట్టడానికి కంపార్ట్‌మెంట్లున్నాయి, పాలు, అన్నప్రసాదం అందుతాయి. మరి మన లాగ్‌లు ఎక్కడ కూర్చుంటాయి?

చాలా సంస్థల్లో దీనికి జవాబు లేదు. లాగ్‌లు పంపడానికి ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న పద్ధతి సిస్‌లాగ్. అది పాతకాలం నుంచీ యూడీపీ అనే రవాణా పద్ధతి మీద, 514 నంబరు వాకిలి (పోర్టు) గుండా నడుస్తోంది. యూడీపీ అంటే రిజిస్టర్ పోస్టు కాదు, కార్డు ముక్క. వేశామా, వేశాం. చేరిందా లేదా అని అడిగేవాడు లేడు. దారిలో రౌటర్ కాసేపు నిలిపి ఉంచే చోటు (బఫర్) నిండితే పడిపోతుంది, పడిపోయిన సంగతి పంపినవాడికీ తెలియదు, అందుకోవలసినవాడికీ తెలియదు. చేరిందని రసీదు తీసుకునే టీసీపీకి మార్చి, దాని మీద ఎన్‌క్రిప్షన్ వేసి 6514 పోర్టు గుండా పంపితే ఈ బాధ తగ్గుతుంది గానీ, అప్పుడు వెనక్కి తన్నిన సరుకు పంపే చోట పేరుకుంటుంది. అక్కడ 1 జీబీ మెమరీ మాత్రమే ఇచ్చి ఉంటే, మనం చెప్పుకున్న రద్దీలో అది ఎనిమిది నిమిషాలకు నిండుతుంది. మిగిలిన 52 నిమిషాల సరుకులో సగం దాకా నేలపాలు.

అందుకే ఆయనకు నేను చెప్పిన మొదటి మాట లైను గురించి కాదు. తిరుపతిలో ఒకటి, చిత్తూరులో ఒకటి, లాగ్‌లను పోగుచేసి పంపే చిన్న కలెక్టర్ సర్వర్లు పెట్టి, వాటికి డిస్కు మీద క్యూ ఇమ్మన్నాను. లాగ్ అంటే అవే మాటలు మళ్ళీ మళ్ళీ వచ్చే రాత, కాబట్టి కుదించడానికి దాన్ని మించింది లేదు. ఐదో వంతుకు కుదించడం సర్వసాధారణం, పదో వంతు దాకా వెళ్ళేవీ ఉన్నాయి. ఐదో వంతు లెక్కన దాడి గంటలో పుట్టే 36 ఎంబీపీఎస్ కాస్తా 7.2 అవుతుంది. మామూలు రోజు కుదించకుండా పంపితే అయ్యేదీ సరిగ్గా అంతే! ఆ 20 లైనులోనే గరుడసేవ కూడా గడిచిపోతుంది.

డిస్కు వల్ల ఇంకో లాభం ఉంది. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు గుర్తున్నవాళ్ళకు, లైను ఎప్పుడూ ఉంటుందనే నమ్మకం ఉండదు. రోజంతా లైను తెగిపోయినా కుదించిన లాగ్ 16 జీబీ లోపే. మామూలు 256 జీబీ డిస్కులో రెండు వారాలకు పైగా సరిపోతుంది. లైను తిరిగి వచ్చాక ఒక రోజు బాకీ తీరడానికి రెండు గంటలు చాలు. లైను రెట్టింపు చేస్తే ప్రతి నెలా అయ్యే ఖర్చుతో పోలిస్తే ఆ డిస్కు ధర ఒకసారి పెట్టే టిఫిన్ ఖర్చు.

వైరు ఆలస్యం ఎంత?

లేటెన్సీ అనగానే అందరూ చూసేది పింగ్. పింగ్‌లో ఒక భాగాన్ని ఎవరూ మార్చలేరు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు. తిరుపతి నుంచి హైదరాబాదుకు ఫైబర్ దారి 700 కిలోమీటర్లనుకుంటే పోవడానికి 3.5, పోయిరావడానికి 7 మిల్లీసెకన్లు. మధ్యలో రౌటర్లు, మలుపులు కలిపి 30 చూపిస్తోందనుకోండి. లైను 20 నుంచి 200కు పెంచినా ఆ 7 అలాగే ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద ఖరీదైన కారుంది కదా అని నిర్ణీత సమయం కంటే ముందే దిగొస్తే చెక్‌పోస్టులో జరిమానా రాస్తారు. ఇక్కడ జరిమానా కూడా లేదు, అసలు ముందు దిగడమే కుదరదు.

అయితే ఆ 30 మిల్లీసెకన్లతో నష్టమేమిటి? లోపలికొచ్చే ప్రతి ప్యాకెట్‌ను ఆపి, చూసి, వదిలే అడ్డుగేటు పరికరాలకు మిల్లీసెకను కూడా బరువే, ఎందుకంటే అక్కడ మనిషి ఎదురుచూస్తున్నాడు. లాగ్ కోసం ఎవరూ తలుపు దగ్గర నిలబడి లేరు. అది అర సెకను ఆలస్యంగా చేరినా గంట మోగేది మోగుతుంది. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం మీదుగా, అర సెకనుకు పైగా ఆలస్యంతో నడిచే లైనులో కూడా లాగ్‌లు నిక్షేపంగా పంపుకోవచ్చు.

ఒక్క చోట మాత్రం ఈ 30 కరుస్తుంది. కంప్యూటర్లలో ఉండి లాగ్‌లు పంపే చిన్న ప్రోగ్రాములను ఏజెంట్లు అంటారు. వాటిలో కొన్ని ఒక పంక్తి పంపి, చేరిందన్న రసీదు వచ్చేదాకా రెండోది పంపవు. రసీదుకు 30 మిల్లీసెకన్లు అంటే సెకనుకు 33 పంక్తులు. లైను 1 జీబీపీఎస్ అయినా సరే, 33 దాటవు! అదే ఏజెంటుకు 500 పంక్తుల కట్ట కట్టి పంపమని చెబితే సెకనుకు 16 వేలు దాటుతాయి. సెట్టింగులో ఒక అంకె మార్చడంతో పోయే దానికి లైను పెంచుకున్న సంస్థను నేను ఎరుగుదును. పెంచాక కూడా 33 దగ్గరే ఉండేసరికి ఫైర్‌వాల్ మార్చారు. పేరు అడగకండి.

ప్యాకెట్లు పోవడం కూడా ఇలాంటిదే. నూటికి ఒకటి పోతే పోయిందిలే అనిపిస్తుంది. పాత పద్ధతి టీసీపీ మాత్రం ప్యాకెట్ పోయిన ప్రతిసారీ రద్దీ ఉందనుకుని వేగం సగానికి తగ్గించుకుంటుంది. 30 మిల్లీసెకన్ల దూరంలో, నూటికి ఒక ప్యాకెట్ పోయే లైనులో ఒక కనెక్షన్ మీద 5 ఎంబీపీఎస్ కూడా రాదు, మీరు కొన్నది 100 అయినా. పది వేలకు ఒకటి పోతే అదే కనెక్షన్ 45 దాటుతుంది. కొటేషన్‌లో వేగం పెద్ద అక్షరాల్లో, నష్టం శాతం కనీకనిపించని అక్షరాల్లో ఉంటుంది. చదవాల్సింది రెండోది.

మామిడికాయల లోడు

చిత్తూరు వైపు జూన్, జూలైలో రోడ్డు మీద వెళ్ళినవాళ్ళకు గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడ్లతో బారులు తీరిన ట్రాక్టర్లు కనిపిస్తాయి. తోట నుంచి ఫ్యాక్టరీకి అరగంట దారి. గేటు బయట ఒకటి రెండు రోజులు పడిగాపులు. ఆ రోడ్డును నాలుగు వరసలు చేస్తే రైతుకు ఒరిగేదేముంది? ఫ్యాక్టరీ గంటకు ఎన్ని టన్నులు పిండగలదన్నదే అక్కడి లెక్క. ఈలోగా కాయ మగ్గిపోయి ధర పడిపోతుంది.

సీమ్‌లో కూడా పంక్తి హైదరాబాదు చేరగానే పని అయిపోదు. దాన్ని విడగొట్టాలి, ఏది పేరు, ఏది చిరునామా, ఏది సమయం అని గుర్తుపట్టాలి, సూచిలో చేర్చాలి, ఆ తర్వాత, ఇలా జరిగితే గంట కొట్టు అని మనం రాసిపెట్టిన నియమాలు దాని మీద నడవాలి. ఈ నియమాలు చాలా చోట్ల ఎప్పుడూ మేలుకుని ఉండవు. ఐదు నిమిషాలకోసారి లేచి, గడిచిన ఐదు నిమిషాల్లో ఏం జరిగిందని చూసి పడుకుంటాయి. ఇక క్లౌడ్ నుంచి వచ్చే లాగ్‌లది వేరే కథ. అమెజాన్ క్లౌడ్‌లో ఎవరేం చేశారో రాసే క్లౌడ్‌ట్రెయిల్ సంఘటన జరిగిన సగటున ఐదు నిమిషాలకు గానీ రాతను అందించదు. మన లైను ఎంత వెడల్పయినా వాళ్ళు ఇచ్చినప్పుడే తీసుకోవాలి.

48 నిమిషాల ఆలస్యం ప్రమాదమని చెప్పింది కూడా ఇందుకే. 10:03కు పుట్టిన పంక్తి 10:51కి చేరిందనుకోండి. పది గంటల నుంచి 10:05 దాకా ఉన్న ఐదు నిమిషాల ముక్కను, ఈ రంగంలో కిటికీ అనే దాన్ని, నియమం 10:05కే చూసి మూసేసింది. 10:50 నుంచి 10:55 దాకా ఉన్న కిటికీలో ఈ పంక్తి పడదు, దాని మీద ఉన్న ముద్ర 10:03 కదా. పంక్తి భద్రంగా డిస్కులో ఉంటుంది, 180 రోజులూ ఉంటుంది, ఆడిటర్ అడిగితే చూపించొచ్చు. కానీ దాన్ని ఏ నియమమూ ఎప్పుడూ చూడదు. లాగ్ పోవడం కంటే ఇది నాకు ఎక్కువ భయం, ఎందుకంటే పోయిందని కూడా అనిపించదు. విరుగుడు కష్టమేమీ కాదు. నియమం వెనక్కి చూసే కిటికీని అది లేచే వ్యవధి కంటే పొడుగ్గా పెట్టడమో, సంఘటన సమయం బదులు చేరిన సమయాన్ని బట్టి చూడమనడమో చేయాలి. మొదటిదానితో ఒకే గంట రెండు మూడుసార్లు మోగుతుంది, దాన్ని అణచడానికి ఇంకో చిన్న నియమం రాయాలి. రెండోదానితో వేర్వేరు దారుల్లో వచ్చిన పంక్తుల వరస తారుమారవుతుంది. నేను మొదటిదే ఎంచుకుంటాను. రెండుసార్లు మోగితే విసుగు, అంతే కదా.

గడియారం మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2001 నాటి పాత సిస్‌లాగ్ పద్ధతిలో సమయముద్రకు సంవత్సరం ఉండదు, ఏ దేశపు టైమో కూడా ఉండదు. 2009లో వచ్చిన కొత్త పద్ధతి రెండూ చేర్చింది గానీ, పాతదే మాట్లాడే పరికరాలు ఇంకా బోలెడు. చిత్తూరు శాఖలో ఒక ఫైర్‌వాల్ గ్రీనిచ్ సమయం రాస్తుంటే, తిరుపతి సర్వర్ మన సమయం రాస్తోంది. రెండింటికీ మధ్య కచ్చితంగా ఐదున్నర గంటలు. మిల్లీసెకన్ల మీద గంటసేపు వాదించుకున్నాక బయటపడిన సంగతి ఇది. గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్ఐసీ) లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సమయ సర్వర్లతో కలుపుకోవాలని అదే 2022 ఆదేశాల్లో ఉంది. సంఘటన తెలిసిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు కబురు చేయాలని కూడా అందులోనే ఉంది. ఆరింటిలో ఐదున్నర గడియారం మింగేస్తే మిగిలేది అరగంట.

అన్నీ సర్దాక ఒక పరీక్ష పెట్టాం. చిత్తూరు శాఖలో ఒకతను సరిగ్గా పది గంటలకు ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టి, ఆరోసారి సరైనది కొట్టాడు. ఇక్కడ తిరుపతిలో మేం స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాం. హెచ్చరిక మెయిల్ వచ్చింది 10:11:40కి. 700 సెకన్లు. వెనక్కి తవ్వితే, ఏజెంటు కట్ట కట్టడానికి 30 సెకన్లు, శాఖ కలెక్టర్ వదలడానికి నిమిషం, సూచిలో చేరడానికి 40 సెకన్లు. 10:02:10కే పంక్తి సిద్ధం. నియమం పది నిమిషాలకోసారి లేచేది కాబట్టి 10:10 దాకా పడుకునే ఉంది. నడవడానికి 20 సెకన్లు, మెయిల్ సర్వర్ దగ్గర ఇంకో 80. వైరు మీద గడిచింది సెకనులో వందో వంతుకు కాస్త పైన.

లైను 20 దగ్గరే ఉంచాం. ఏజెంటును 5 సెకన్లకు, కలెక్టర్‌ను 10 సెకన్లకు దించాం. పాస్‌వర్డ్ నియమాన్ని నిమిషానికోసారి లేపి, పావుగంట వెనక్కి చూడమన్నాం. లాగిన్ పంక్తులకు ముందు వరస ఇచ్చి, ఫైర్‌వాల్ రోజువారీ రొద పంక్తులను వెనక్కి నెట్టాం. మెయిల్ తీసేసి ఫోన్‌కు మెసేజ్ పెట్టాం. మళ్ళీ కొట్టిస్తే నిమిషం 50 సెకన్లు.

"ఇంకా దించొచ్చా అన్నా?" అన్నాడు ఆయన. దించొచ్చు, ఖర్చవుతుందన్నాను. కాసేపు ఆ అంకె వైపే చూసి, "రాత్రి రెండు గంటలకొస్తే ఆ మెసేజ్ చూసేదెవురు?" అని తనే అడిగాడు. రాత్రి డ్యూటీకి ఇద్దరు మనుషులు కావాలని వాళ్ళ పై ఆఫీసుకు కాగితం పెట్టి మూడు నెలలైంది. అది ఇంకా వరసలోనే ఉంది.